ట్రాక్టర్ వెనక లాగే, మొద్దులు చీల్చే మిషను: కట్టించుకోవడం, ఉన్నదాన్ని సరిచేసుకోవడం ఎలా?

"ఎన్ని టన్నుల జాకీ వేయించాలి?" దేవరకొండ నుంచి అడిగినా, జడ్చర్ల, కల్వకుర్తి నుంచి అడిగినా మొదటి ప్రశ్న ఇదే. టన్నుల లెక్క రెండు నిమిషాల్లో తేలుతుంది. మిషను కట్టించినవాళ్ళు డబ్బు తగలేసుకునేది వేరే మూడు చోట్ల: పంపు, గడ్డరు (అడుగున ఉండే పొడవాటి ఇనుప దూలం), నూనె పారే దారి. అందుకని టన్నుల సంగతి ముందే తేల్చేద్దాం.

హైడ్రాలిక్ సిలిండరును మన దగ్గర జాకీ అంటారు, ఇక్కడా అలాగే రాస్తున్నాం. 100 మి.మీ. బోరు (లోపలి వ్యాసం) ఉన్న జాకీలోకి 175 బార్ ప్రెషరుతో నూనె పంపితే సుమారు 14 టన్నుల తోపు, అంటే నెట్టే బలం, వస్తుంది. బోరు 80 మి.మీ. అయితే 9 టన్నులు, 125 అయితే దాదాపు 22. యూకలిప్టస్, సుబాబుల్, అడుగులోపు మందం ఉన్న కంపతుమ్మ మాత్రమే కొట్టేవాళ్ళకు 9 చాలు. నల్లతుమ్మ, వేప, చింత వస్తాయంటే 14 ఉండాలి. 22కు పోతే పంపు, గడ్డరు, పైపులు అన్నీ పెద్దవి కావాలి, మిషను కూడా నెమ్మదిస్తుంది. ఫంక్షన్ హాళ్ళకు, హోటళ్ళకు, ఇటుక బట్టీలకు కట్టె వేసేవాళ్ళకు 100 మి.మీ. బోరు, 50 మి.మీ. రాడ్డు, 600 మి.మీ. స్ట్రోకు (రాడ్డు బయటికి సాగే దూరం) సరిపోతుంది. కింది కొలతలన్నీ దానికే.

కావలసినవి

- జాకీ: రెండువైపులా నూనె తీసుకునే డబుల్ యాక్టింగ్ రకం. ట్రాలీ ఎత్తే జాకీ పనికిరాదు. దాన్ని వెనక్కి దించేది ట్రాలీ బరువే, ఇక్కడ ఆ బరువు ఉండదు.
- గడ్డరు: ఐఎస్ఎంబీ 250 (ఐ ఆకారపు దూలం, 250 మి.మీ. ఎత్తు), 2.1 మీటర్లు. మీటరుకు 37 కిలోల పైచిలుకు, మొత్తం 78 కిలోలు.
- 25 మి.మీ. మందం ప్లేటు: మొద్దును చీల్చే వెడ్జుకు, మొద్దును నెట్టే పుషరుకు, జాకీ వెనక ఆనుకునే చోటికి.
- ఓపెన్ సెంటర్ లీవరు వాల్వు (లీవరు మధ్యలో ఉంటే నూనె ఆగకుండా తిరిగిపోయే రకం), లోపలే రిలీఫ్ వాల్వు (ప్రెషరు హద్దు దాటితే నూనెను పక్కకు వదిలేది) ఉన్నది. లీవరు ముందుకు నొక్కి వదిలితే మధ్యకు రావాలి, వెనక్కి నెడితే అక్కడే నిలిచి జాకీ పూర్తిగా వెనక్కి వచ్చాక దానంతట అదే విడవాలి.
- గ్లిజరిన్ నింపిన ప్రెషర్ గేజీ, 0 నుంచి 250 బార్. ఇది లేకుండా పని మొదలుపెట్టకండి.
- ప్రెషరు పైపు: అరంగుళం, రెండు తీగల అల్లిక ఉన్న ఆర్2 రకం. ఒకే అల్లిక ఉన్న ఆర్1 అరంగుళం పైపు పని ప్రెషరు 160 బారే. దుకాణంలో రెండూ నల్లగానే కనిపిస్తాయి, పైన అచ్చు చదివి తీసుకోండి.
- చక్రాలు, ఇరుసు, లాగే పట్టీ, 25 మి.మీ. పిన్ను, గొలుసు.

జాకీ, వాల్వు, పైపులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒకేచోట దొరుకుతాయి. పాత జేసీబీ జాకీ తుక్కులో కొనేటట్టయితే రాడ్డును పూర్తిగా బయటికి లాగించి, గోటితో పొడవునా గీకి చూడండి. గోరు తట్టుకుందంటే అక్కడ క్రోమ్ లేచింది, కొత్త సీలు వేసినా ఎక్కువ రోజులు నిలవదు.

1. నూనె ఎక్కడి నుంచో ముందు తేల్చుకోండి

రెండు దారులు. మొదటిది ట్రాక్టరు నూనె: ట్రాలీ ఎత్తే ఔట్‌లెట్ నుంచి ప్రెషరు తీసుకుని, తిరిగొచ్చే నూనెను ట్రాక్టరుకే పంపడం. ఖర్చు తక్కువ, కానీ వేగం మీ ట్రాక్టరు పంపు ఎంత ఇస్తే అంతే. రెండోది మిషను మీదే ఇంజను, పంపు, ట్యాంకు పెట్టుకోవడం. రోజంతా కట్టె కొట్టే వ్యాపారమైతే ఇదే మేలు, ట్రాక్టరు వేరే పనికి ఖాళీగా ఉంటుంది.

ట్రాక్టరు నూనె వాడేవాళ్ళు రెండు గుర్తుపెట్టుకోవాలి. బ్రేకులు నూనెలో మునిగి ఉండే ట్రాక్టర్లలో కంపెనీ చెప్పిన నూనే పోయాలి. మిషను కోసమని మామూలు హైడ్రాలిక్ నూనె కలిపితే బ్రేకులు పాడవుతాయి. మొదటిసారి జాకీ, పైపులు నిండడానికి ఐదారు లీటర్లు తాగుతుంది, ట్రాక్టరు డిప్‌స్టిక్ చూసి మళ్ళీ పోయండి. తర్వాత జాకీ ముందుకు వెళ్ళినప్పుడు మట్టం తగ్గేది 1.2 లీటర్లే, అంటే బయటికి వచ్చిన రాడ్డు ఆక్రమించిన చోటు.

2. సొంత ఇంజనైతే పంపును తిప్పుల లెక్కతో కొనండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొద్దుల మిషన్లకు వాడేది హై-లో పంపు. లోపల రెండు గేరు జతలుంటాయి. ఖాళీగా కదిలేటప్పుడు రెండూ కలిసి నూనె తోస్తాయి, మొద్దు అడ్డుపడి ప్రెషరు పెరగగానే పెద్ద జత పక్కకు తప్పుకుంటుంది, చిన్న జత మాత్రమే గట్టిగా నెడుతుంది. చిన్న ఇంజనుతో పెద్ద తోపు వచ్చేది ఇందువల్లే.

అయితే ఈ పంపులను నిమిషానికి 3600 తిప్పుల పెట్రోలు ఇంజనుకు తగ్గట్టు చేస్తారు. "నిమిషానికి 41 లీటర్లు" అని డబ్బా మీద రాసింది ఆ వేగం దగ్గరే. దాన్నే మన 1500 తిప్పుల డీజిల్ ఇంజనుకు బిగిస్తే వచ్చేది 17 లీటర్లు. లెక్క ఇది: పంపు ఒక తిప్పుకు ఇచ్చే నూనె సీసీని (ఘన సెంటీమీటర్లు) ఇంజను తిప్పులతో గుణించి 1000తో భాగించండి. 100 మి.మీ. బోరు, 600 స్ట్రోకు జాకీ నిండడానికి 4.7 లీటర్లు, వెనక్కి రావడానికి 3.5 లీటర్లు కావాలి. 41 లీటర్లయితే పోయిరావడానికి 12 సెకన్లు, 17 అయితే 29. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే తేడా నడుస్తుంది.

అందుకని నెమ్మది డీజిల్ ఇంజనుకు తిప్పుకు ఎక్కువ సీసీ ఇచ్చే పంపు అడగండి, లేదా బెల్టు పుల్లీలతో వేగం రెట్టింపు చేయండి. బెల్టు పుల్లీని నేరుగా పంపు షాఫ్టుకు వేయొద్దు. పక్కలాగుడుకు పంపు బేరింగు తట్టుకోదు. మధ్యలో రెండు ప్లమర్ బ్లాకుల (బేరింగు దిమ్మల) మీద వేరే షాఫ్టు పెట్టి, అక్కడి నుంచి రబ్బరు స్పైడర్ ఉన్న జా కప్లింగుతో పంపుకు కలపండి. కప్లింగు రెండు సగాలు ఒకదాన్నొకటి నొక్కకుండా 2 మి.మీ. సందు వదలండి. సందు లేకపోతే ముందు పోయేది పంపు షాఫ్టు సీలు.

3. గడ్డరు దగ్గర పిసినారితనం వద్దు

వెల్డింగు షాపులో ముందు చెప్పేది "200 చాలు సార్" అనే. జాకీ గడ్డరు మీద 150 మి.మీ. ఎత్తులో కూర్చుని 14 టన్నులతో రెండు కొసలనూ బయటికి నెడుతుంది. ఆ లెక్కన ఐఎస్ఎంబీ 200లో ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 195 న్యూటన్లు దాటుతుంది, ఆ ఇనుము 250 దగ్గర శాశ్వతంగా వంగుతుంది. వంకర మొద్దు పక్కకు తోసినప్పుడు ఆ కాస్త మిగులు నిలవదు. 250 గడ్డరులో అదే ఒత్తిడి 120 దగ్గరే ఆగుతుంది. ఇప్పటికే 200తో కట్టించి ఉంటే, పైనా కిందా రెండు పలకలకూ 10 మి.మీ. ప్లేటును పక్క అంచుల వెంట పొడవుగా వెల్డు చేయించండి. పై ప్లేటు మీదే ఇక పుషరు నడుస్తుంది కాబట్టి గడ్డరును పట్టుకునే దాని కొక్కేలు మళ్ళీ సరిచేయాల్సి వస్తుంది.

గడ్డరు నడుము పైకి లేచేలా వంగుతుంది. అంటే సాగేది పై పలక. దాని మీద అడ్డంగా వెల్డింగ్ గీతలు పెడితే పగులు అక్కడే మొదలవుతుంది, వీలైనంతవరకు పొడవు దిశలోనే వేయించండి. వెడ్జుకు, వెనక ప్లేటుకు 7018 వెల్డింగు కడ్డీలే వాడాలి, అవి ఓవెన్‌లో ఆరబెట్టినవై ఉండాలి. వానాకాలమంతా మూత తీసి ఉన్న డబ్బాలోని కడ్డీ వద్దు.

వెల్డింగు చేసేటప్పుడు జాకీ బిగించి ఉంచకండి. తీయడం కుదరకపోతే ఎర్త్ క్లాంపును వెల్డు చేస్తున్న ముక్కకే, దాని పక్కనే పెట్టించండి. కరెంటు రాడ్డు గుండా పోతే క్రోమ్ మీద సూది మొనంత గుంటలు పడి సీలును కోసేస్తాయి.

4. వెడ్జు, పుషరు

వెడ్జును కొసకు స్థిరంగా వెల్డు చేసి మొద్దును పుషరుతో నెట్టడం ఒక పద్ధతి. చీలిన ముక్కలు అవతలికి పడిపోతాయి, పని చకచకా సాగుతుంది. వెడ్జును రాడ్డుకే బిగించి, కొసన అడుగు ప్లేటు పెట్టడం రెండోది. ఇందులో గడ్డరును నిలువుగా లేపి, ఎత్తలేని మొద్దును దాని కిందికి దొర్లించవచ్చు. చింత, పాత వేప మొదళ్ళు వస్తాయంటే రెండోదే. కంపతుమ్మ, యూకలిప్టస్ మాత్రమే అయితే మొదటిది చాలు, నిలువు అమరిక కోసం అదనపు ఖర్చు ఎందుకు?

వెడ్జు ఎత్తు 220 మి.మీ., అంచు దగ్గర సన్నగా మొదలై వెనక 60–70 మి.మీ. దాకా వెడల్పవ్వాలి. మొదటి నుంచీ వెడల్పు కోణం పెడితే మొద్దు చీలకుండా నలుగుతుంది. చివరిదాకా సన్నగా వదిలితే మొద్దులో ఇరుక్కుంటుంది. రాడ్డుకు బిగించిన వెడ్జయితే జాకీ మూతి దగ్గర రెండుపక్కలా ఆపుడు పట్టీలు పెట్టించండి, వెనక్కి వచ్చేటప్పుడు ఇరుక్కున్న మొద్దును అవి ఊడదీస్తాయి.

నాలుగు ముక్కల వెడ్జు అడిగేవాళ్ళు చాలామంది. తొడిగి తీసేలా చేయించుకోండి, అడ్డ రెక్కల అంచు నిలువు అంచుకన్నా 60 మి.మీ. వెనక ఉండాలి. అన్నీ ఒకేసారి తగిలితే 14 టన్నులు చాలవు. నిటారు నార ఉన్న పచ్చి యూకలిప్టస్‌కు, 250 మి.మీ. లోపు మందానికి మాత్రమే వాడండి. మెలిక నార ఉన్న వేపకు తొడిగితే మిషను మూలుగుతూ ఆగిపోతుంది.

పుషరు గడ్డరు పై పలకను రెండువైపులా కిందినుంచి పట్టుకుని జారాలి, సందు 1–1.5 మి.మీ. ఈ పట్టు లేకపోతే వంకర మొద్దు రాడ్డునే పైకి లేపి వంచుతుంది. జాకీ పూర్తిగా సాగినా పుషరు, వెడ్జు మధ్య 15–20 మి.మీ. మిగలాలి.

  

5. నూనె దారి

ట్యాంకు 40 లీటర్లకు తగ్గొద్దు, పంపుకన్నా ఎత్తులో ఉండాలి. పంపుకు వెళ్ళే పీల్చే పైపు అంగుళం పావు, లోపల తీగ చుట్టు ఉన్నది. మామూలు నీళ్ళ పైపు వేస్తే నూనె చల్లగా ఉన్న పొద్దుటిపూట లోపలికి ముడుచుకుపోతుంది, పంపు గులకరాళ్ళు నమిలినట్టు అరుస్తుంది.

తిరుగు పైపును చాలామంది అరంగుళం వేస్తారు, తప్పు. జాకీ వెనక్కి వచ్చేటప్పుడు పంపు 40 లీటర్లు పంపితే, వెనక గది నుంచి బయటికి వచ్చేది 53 లీటర్లు. సన్నటి పైపులో అది ఇరుక్కుంటుంది, నూనె కాగుతుంది, ఫిల్టరు సీలు తన్నుకుపోతుంది. అంగుళం పైపు వేసి, ఫిల్టరును 55 లీటర్ల పైన తట్టుకునేది అడగండి. తిరుగు నూనె ట్యాంకులో నూనె మట్టం కింద, పీల్చే చోటికి దూరంగా పడాలి, మధ్యలో అడ్డుప్లేటు ఉండాలి.

ట్రాక్టరు నూనె వాడేవాళ్ళకు గట్టి హెచ్చరిక: తిరుగు పైపుకు క్విక్ కప్లర్ (చేత్తో తగిలించి ఊడదీసే జోడింపు) పెట్టకండి. అది సగం ఊడినా లోపలి బంతి దారి మూసేస్తుంది, ప్రెషరంతా వాల్వు తిరుగు గదిలోకి తంతుంది, ఆ గది దానికోసం చేసింది కాదు, పగులుతుంది. తప్పదంటే పెద్ద సైజుది వేసి, తిరుగు పైపు ముందు తగిలించి ప్రెషరు పైపు తర్వాత తగిలించండి. తీసేటప్పుడు ఇంజను ఆపి, ప్రెషరు పైపు ముందు తీయండి.

సొంత ట్యాంకులో వీజీ 68 నూనె పోయండి (వీజీ అంటే నూనె చిక్కదనం నంబరు). నల్లగొండ ఎండలో వీజీ 46 మధ్యాహ్నానికి నీళ్ళలా పలుచబడి తోపు తగ్గిపోతుంది. చెలకల్లో దుమ్ము ఎక్కువ కాబట్టి ట్యాంకు మూతకు ఫిల్టరు ఉన్న బ్రీదరే (గాలి ఆడే మూత) వేయండి, చిల్లు పెట్టిన బిరడా కాదు.

6. చక్రాలు, లాగుడు

మిషను 350 కిలోలు దాటుతుంది. ఆటో చక్రాలు, అంటే 4.00-8, చదునైన దారిలో ట్రాక్టరు వెనక నడుస్తాయి. ఒడ్లు దాటించేవాళ్ళు 12 అంగుళాల కారు చక్రాలు వేసుకోండి, గడ్డరు కింద అడుగు ఎత్తన్నా మిగలాలి. కంపతుమ్మ ముళ్ళకు పంక్చర్లు తప్పవు. పాత టైరు లోపలి పొరను కోసి ట్యూబుకు, టైరుకు మధ్య పరిస్తే చాలావరకు ఆపుతుంది.

ట్రాక్టరు పిన్ను మీద పడే బరువు మొత్తంలో 10–15 శాతం ఉండాలి. వడ్లు తూచే కాంటా మీద లాగే పట్టీ ముక్కు పెట్టి చూడండి, 400 కిలోల మిషనుకు 40–60 కిలోలు చూపాలి. తక్కువైతే బండి వెనక పాములా ఊగుతుంది. చూపించేవరకు ఇరుసును వెనక్కి జరపండి. పిన్నుకు క్లిప్పు, పట్టీ కింద గొలుసు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి. నిలువుగా లేచే గడ్డరైతే ప్రయాణంలో తాళం పిన్ను వేసే కదలండి. బైకుకో, ఆటోకో కట్టి లాగొద్దు.

7. మొదటిసారి నడపడం

రిలీఫ్ స్క్రూను పూర్తిగా వదులు చేయండి. నూనె పోసి, పీల్చే పైపులో నూనె చేరిందని చూసి, ఇంజను తక్కువ వేగంలో నడపండి. జాకీని ఖాళీగా ఆరేడుసార్లు అటూ ఇటూ తిప్పి గాలి పోనివ్వండి, ట్యాంకు మట్టం మళ్ళీ చూసి పోయండి. తర్వాత జాకీని చివరికి నెట్టి, లీవరు పట్టుకుని గేజీ చూస్తూ స్క్రూను పావు తిప్పు చొప్పున బిగిస్తూ 175 దగ్గర ఆపండి. ప్రతిసారీ ఐదు సెకన్లకు మించి లీవరు పట్టకండి, రిలీఫ్ మీద నడిచే నూనె చూస్తుండగానే కాగుతుంది. "ఇంకొంచెం బిగిస్తే చింత కూడా చీలుతుంది" అని 220కి తీసుకెళ్ళొద్దు, పంపు, గడ్డరు, వెల్డింగు దేన్నీ ఆ ప్రెషరుకు లెక్కేయలేదు.

తోపు, వేగం సరిగా ఉన్నాయా?

గడియారం పెట్టి జాకీ పూర్తిగా సాగడానికి ఎన్ని సెకన్లో చూడండి. 282ను ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో తెలుస్తుంది. 14 సెకన్లంటే 20 లీటర్లు. ఈ అంకెను ట్యాంకు మీద రంగుతో రాసిపెట్టండి. ఆర్నెల్ల తర్వాత అదే ఇంజను వేగంలో 18 సెకన్లు పడుతుంటే పంపు అరుగుతోందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

నూనె మజ్జిగలా తెల్లబడి నురుగు కడితే పీల్చే వైపు గాలి దూరుతోంది, క్లాంపులు బిగించండి. ట్యాంకు గోడ మీద చెయ్యి మూడు సెకన్లు ఆనించలేకపోతే 60 డిగ్రీలు దాటింది, కాసేపు ఆపి తిరుగు పైపు, ఫిల్టరు చూడండి.

ఖాళీగా వేగంగా వెళ్ళి మొద్దు తగలగానే ఆగిపోతోందా? గేజీ చూడండి. 175 చూపి ఆగితే మొద్దే గట్టిది, తిప్పి వేరే నార నుంచి పెట్టండి. 60 దగ్గరే ఆగితే రిలీఫ్‌లో చెత్త పడి ఉండొచ్చు, లేదా జాకీ పిస్టన్ సీలు పోయి ఉండొచ్చు. సీలు తేల్చుకోవాలంటే జాకీని పూర్తిగా సాగదీసి, ఇంజను ఆపి, రాడ్డు వైపు పైపు విప్పి ఆ పైపుకు గట్టి బిరడా బిగించండి. పక్కకు జరిగి ఇంజను వేసి లీవరు ముందుకు నొక్కితే, తెరిచిన రంధ్రం నుంచి నూనె ధారగా వస్తే సీలు పోయినట్టే.

గడ్డరు కింది పలకకు కొస నుంచి కొసకు దారం బిగించి చూడండి. మధ్యలో దారానికి, ఇనుముకు సందు కనిపిస్తే గడ్డరు వంగింది.

చేతులు పోయేది ఇక్కడే

లీవరు పట్టేది, మొద్దు పెట్టేది ఒక్కరే కావాలి. ఒకరు పెట్టి ఒకరు నొక్కే పనిలోనే వేళ్ళు పోతాయి. మొద్దును పక్కల పట్టుకోండి, కొసల దగ్గర ఎప్పుడూ వద్దు. లీవరు ముందుకు నిలిచిపోయేలా తాడు కట్టడం, రబ్బరు చుట్టడం చేస్తున్నవాళ్ళున్నారు, ఇవాళే విప్పేయండి. ఏటవాలుగా కోసిన మొద్దు పైకి తన్నుతుంది, ముందు రంపంతో కొస సాపు చేయండి. ఒడ్డు మీది చెట్టయితే లోపల పాత కంచె తీగో, మేకో ఉండొచ్చు, కళ్ళద్దాలు పెట్టుకోండి. బెల్టు, షాఫ్టు తిరిగే చోట కండువా, చీర కొంగు చిక్కకుండా జాలీ వేయించండి.

పైపు చెమ్మగా కనిపిస్తే చేత్తో తడమొద్దు, అట్టముక్క ఆనించి చూడండి. సూది బెజ్జంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు, గంటలు గడిస్తే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుని ఊరుకోకండి, సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్ళి "ప్రెషరు నూనె దూరింది" అని చెప్పండి.

తిరుగు ఫిల్టరు మొదటిసారి 25 గంటలకే మార్చండి, కొత్త ట్యాంకులోని వెల్డింగు పొట్టు అంతా అందులోనే చేరుతుంది. వానల్లో మిషను నిలిపేటప్పుడు రాడ్డును పూర్తిగా లోపలికి లాగి, బయట మిగిలిన నాలుగు వేళ్ళ మేర గ్రీజు పూసి పాత ట్యూబు ముక్క చుట్టి కట్టండి.